‘కింద చూపిన విధంగా’ అంటే ఏ విధంగా? సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ తయారుచేసేవాళ్లకు బహిరంగ లేఖ

టెక్నికల్ రైటర్లకు, వాళ్లచేత మాన్యువల్స్ రాయించి రిలీజ్ చేసే మేనేజర్లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో జీతాల లెక్కలు చూస్తుంటాను. ఇంటర్ చదివేటప్పుడు చూపు పోయింది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తుంటే కీబోర్డుతో పని చేసుకుంటాను. ఈ లేఖ మొదట ఒక్క కంపెనీకే రాద్దామనుకున్నాను. రాస్తుంటే నా దగ్గరున్న మిగతా మాన్యువల్స్ కూడా ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సగానికి పైగా అదే తీరు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

మొన్న మార్చి 31 సంగతి. ఏడాది లెక్కలు ఆ రాత్రికే ముగించాలి. మేం వాడే పేరోల్ సాఫ్ట్‌వేర్‌కి వారం ముందే కొత్త వెర్షన్ వచ్చింది, దాంతో పాటే 212 పేజీల పీడీఎఫ్ మాన్యువల్ కూడా. ‘స్టెప్ బై స్టెప్, బొమ్మలతో సహా’ అని మెయిల్‌లో గొప్పగా రాశారు. రాత్రి పదిన్నరకు ఆ ఇయర్ ఎండ్ చాప్టర్ పట్టుకున్నాను. అయిదో స్టెప్: ‘వివరాలను కింద చూపిన విధంగా నింపండి.’ ఆ వెంటనే ఎన్‌వీడీఏ ‘గ్రాఫిక్’ అంది. బొమ్మకి మాటల్లో వివరణ రాసి ఉండకపోతే అది చెప్పగలిగేది అంతే. ఆరో స్టెప్: ‘ఎర్ర గడిలో చూపిన బటన్ నొక్కండి.’ మళ్లీ ‘గ్రాఫిక్’. ఏడో స్టెప్‌లో అసలు మాటలే లేవు. ‘గ్రాఫిక్, గ్రాఫిక్’ అని రెండుసార్లు అని ఎనిమిదికి వెళ్లిపోయింది.

ఆఫీసులో ఎవరూ లేరు. ఇంట్లో అడుగుదామంటే జీతాల ఫైలు వాట్సాప్‌లో పంపలేను. చివరికి కింద గేటు దగ్గరున్న వాచ్‌మన్ అన్నని పైకి పిలిచాను.

“సార్, గీడ ఎర్ర డబ్బా గీసిన్రు. దాంట్ల ఇంగ్లీషుల ఏందో రాసున్నది. నాకు రాదు గద సార్” అన్నాడు.

“పర్లేదన్నా, ఒక్కో అక్షరం ఎట్లుందో చెప్పు.”

“మొదటిది నిచ్చెన లెక్కుంది సార్, మధ్యల అడ్డగీత. ఆ పక్కది కర్ర, పైన బొడిపె. మళ్ల గదే. తర్వాత కర్రకు కింద అడ్డం. ఆఖరుది గులేరు లెక్కుంది.”

ఏ, పీ, పీ, ఎల్, వై. అప్లై! ఒకప్పుడు అక్షరాలు చూసినవాణ్ణి కాబట్టి ఆ గులేరు నాకు పనికొచ్చింది. పుట్టుకతో చూపు లేని నా స్నేహితుడు నా సీట్లో ఉంటే అదీ లేదు.

ఇందులో నాకు బాగా మంట పుట్టించింది ఏంటంటే, ఆ అప్లై బటన్ సాఫ్ట్‌వేర్‌లో చక్కగా ఉంది. ట్యాబ్ కొట్టుకుంటూ వెళ్తే ఎన్‌వీడీఏ దాని పేరు స్పష్టంగా చదువుతుంది. నేను దాని పక్కనే ఉన్న సేవ్ నొక్కుతూ కూర్చున్నాను. అంటే సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు నన్ను గుర్తుపెట్టుకున్నారు, దాని పుస్తకం రాసినవాళ్లు మర్చిపోయారు. ‘వివరాలు నింపాక అప్లై నొక్కండి, సేవ్ నొక్కితే చాలదు’ అని ఒక్క వాక్యం రాసి ఉంటే, బొమ్మ ఉన్నా లేకున్నా ఆ రాత్రి నేను పదకొండుకల్లా ఇంటికి వెళ్లేవాణ్ణి.

మీలో చాలామంది స్క్రీన్ రీడర్ వాడేవాణ్ణి దగ్గర కూర్చుని చూసి ఉండరు. అందుకే నేను ఒక మాన్యువల్‌ని ఎలా చదువుతానో చెబుతాను. మీరు పేజీలు గబగబా తిప్పి, పెద్ద అక్షరాల మీద కన్నేసి, కావలసిన చోట ఆగుతారు. నేను ‘హెచ్’ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి దూకుతాను. ‘2’ నొక్కితే రెండో స్థాయి హెడింగ్‌లే తగులుతాయి. ‘టీ’కి టేబుల్, ‘కే’కి లింకు. ఇన్సర్ట్, ఎఫ్7 కలిపి నొక్కితే పేజీలోని హెడింగ్‌లన్నీ ఒక జాబితాలా వచ్చేస్తాయి. ఆ హెడింగ్‌లు నిజంగా హెడింగ్‌లైతే, కావలసిన చోటు దొరకబట్టడంలో నేను మీకేమీ తీసిపోను.

కానీ చాలా మాన్యువల్స్‌లో అవి హెడింగ్‌లు కావు. మామూలు వాక్యాన్నే లావు చేసి, సైజు పెంచి, నీలం రంగు పూశారు. కంటికి హెడింగే. నా చెవికి మాత్రం ముందూ వెనకా ఉన్న వాక్యాల్లాంటిదే ఇంకోటి. 212 పేజీల్లో ‘హెచ్’ ఎన్నిసార్లు కొట్టినా ‘తర్వాత హెడింగ్ లేదు’ అంటే, స్టాపుల పేర్లు చెప్పని బస్సులో కూర్చున్నట్టే. దిగాల్సిన చోటు దాటిపోయిందో ఇంకా రాలేదో తెలీదు. వర్డ్‌లో ‘హెడింగ్ 1’, ‘హెడింగ్ 2’ అనే స్టైల్స్ ఉన్నాయి కదా, అవి వాడితే చాలు. దానికి పట్టే టైము అక్షరాలు లావు చేయడానికి పట్టే టైమే.

పీడీఎఫ్ అంటేనే మాకు పడదని కొందరు అనుకుంటారు. అంత మాట అనను. 1993లో అడోబ్ దాన్ని తెచ్చింది ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో కొట్టినా పేజీ ఒకేలా రావాలని. అందులో ఏ అక్షరం పేజీ మీద ఎక్కడ పడాలన్నదే ముఖ్యం. ఏది హెడింగ్, ఏది పేరా, దేని తర్వాత ఏది చదవాలి అన్న సంగతి తర్వాత ట్యాగ్‌ల రూపంలో చేరింది. 2001లో వచ్చిన పీడీఎఫ్ 1.4 నుంచి ఆ వీలుంది. 2012లో పీడీఎఫ్/యూఏ అని దానికి అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. అన్నీ ఉన్నాయి. కానీ ఇంత కష్టపడి రాసిన ఫైలుని చివర్లో ‘ప్రింట్ టు పీడీఎఫ్’ కొడతారు. దాంతో ట్యాగ్‌లన్నీ రాలిపోతాయి. అదే ఫైలుని ‘సేవ్ యాజ్’లోకి వెళ్లి పీడీఎఫ్‌గా దాచి, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్ అన్న టిక్కు తీసేయకుండా ఉంటే అవి నిలుస్తాయి. ఏడాది శ్రమ ఉంటుందా పోతుందా అన్నది ఆఖరి క్లిక్కు మీద ఉంది.

ఎవరైనా కాపీ కొడతారని తాళం వేసే పీడీఎఫ్‌లు ఇంకో రకం. కాపీ వద్దని సెట్ చేసేటప్పుడు, స్క్రీన్ రీడర్‌కి అనుమతి ఇవ్వాలా అని అడోబ్ వాళ్ల అక్రోబాట్ సాఫ్ట్‌వేర్ విడిగా అడుగుతుంది. అదీ మూసేస్తే దొంగ సంగతేమో గానీ డబ్బు కట్టి కొన్నవాడు బయట నిలబడతాడు.

మా సెక్షన్‌లో ఒక మేడమ్ ఉన్నారు. చూపు పూర్తిగా పోలేదు గానీ తెరని నాలుగు రెట్లు పెద్దది చేసుకుంటే తప్ప చదవలేరు. పీడీఎఫ్‌ని అంత పెద్దది చేస్తే లైను తెర దాటి కుడివైపుకి పోతుంది. సగం లైను చదివి, పేజీని పక్కకు జరిపి, మిగతాది చదివి, మళ్లీ ఎడమకు జరిపి రెండో లైను వెతుక్కోవాలి. ఒక పేరాకి పదిహేనుసార్లు అటూ ఇటూ. అదే సంగతి సరిగ్గా తయారైన హెచ్‌టీఎంఎల్ పేజీలో, అంటే వెబ్ పేజీ రూపంలో, ఉంటే అక్షరాలు పెరిగే కొద్దీ లైన్లు తెరకి తగ్గట్టు సర్దుకుంటాయి. వెబ్ పేజీలు వికలాంగులకూ అందాలంటే ఎలా ఉండాలో చెప్పే అంతర్జాతీయ మార్గదర్శకాలు, 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1, ఇదే అడుగుతాయి: 1,280 పిక్సెళ్ల తెర మీద 400 శాతం పెంచినా పక్కకు జరపకుండా చదవగలగాలి. ఫోన్‌లో చదివేవాళ్లకీ కావలసింది అదే. మెట్రోలో నిలబడి ఏ4 పీడీఎఫ్‌ని రెండు వేళ్లతో లాగుతూ తిట్టుకునేవాళ్లలో చూపున్నవాళ్లే ఎక్కువని మా తమ్ముడు చెబుతాడు.

నన్నడిగితే హెచ్‌టీఎంఎల్ ముందు, మిగతావి తర్వాత. నేను వాడే ఎన్‌వీడీఏనే చూడండి. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ అనే చూపులేని కుర్రాడు మొదలుపెట్టాడు. ఆ తర్వాత చూపులేని ఇంకో స్నేహితుడు జేమ్స్ తే తోడయ్యాడు. ఇప్పటికీ ఉచితమే. దాని యూజర్ గైడ్ హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంటుంది, సాఫ్ట్‌వేర్‌తో పాటే కంప్యూటర్‌లోకి దిగుతుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష వాళ్ల డాక్యుమెంటేషన్ అయితే హెచ్‌టీఎంఎల్, పీడీఎఫ్, ఈ-బుక్కులకు వాడే ఈపబ్, ఉత్త టెక్స్ట్, ఏది కావాలంటే అది దించుకోవచ్చు. వాళ్లేమీ నాలుగుసార్లు రాయలేదు. ఒక్కసారి రాసి స్ఫింక్స్ అనే టూల్‌తో అన్ని రూపాలూ తీస్తారు. ఒకే మూలం నుంచి ప్రింటు పుస్తకం, తెర మీద చదివే పుస్తకం రెండూ తీసే పని గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు వాళ్లు టెక్స్‌ఇన్ఫో అనే టూల్‌తో 1980లలోనే చేశారు. ‘ఒక్కో ఫార్మాట్‌కీ విడిగా మనుషులు కావాలండీ’ అని నాతో ఒక సపోర్ట్ మేనేజర్ అన్నప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అలాగని ఉత్త టెక్స్ట్ అయితే చాలు అనుకోకండి. టెక్స్ట్ ఫైళ్లలో కొందరు గీతలు, నిలువు గీతలు, ప్లస్సులతో డబ్బాలు కట్టి డయాగ్రామ్ గీస్తారు. చూసేవాళ్లకు ముచ్చటగా ఉంటుందట. నాకు ‘డాష్ డాష్ డాష్ బార్ డాష్ డాష్ ప్లస్’ అని అర నిమిషం వినిపిస్తుంది. డేటా దేని నుంచి దేనికి వెళ్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పి, దాని కింద మీకిష్టమైన డయాగ్రామ్ పెట్టుకోండి.

ఇక కమాండ్లు. మా ఆఫీసులో సర్వర్ చూసే కుర్రాడికి చూపు బాగానే ఉంది. వాడూ ఇందులో పడ్డాడు. ఇన్‌స్టాలేషన్ గైడ్ వర్డ్‌లో రాశారు. కమాండ్‌లో పక్కపక్కన రెండు హైఫన్లు ఉండాలి. వర్డ్ వాటిని తనంతట తాను కలిపేసి ఒక పొడుగాటి గీత చేసింది. నిటారుగా ఉండాల్సిన కొటేషన్ గుర్తుల్ని వంకర గుర్తులు చేసింది. వాడు పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి అతికిస్తే ఎర్రర్. మధ్యాహ్నమంతా సర్వర్‌ని తిట్టాడు. సాయంత్రం నేను ఆ లైనుని అక్షరం అక్షరం చదివించుకుంటే ఎన్‌వీడీఏ ‘ఎమ్ డాష్’ అంది. తప్పు అక్కడే దొరికింది. (ఆ వారమంతా క్యాంటీన్‌లో నా టీ డబ్బులు వాడే ఇచ్చాడు.) అదే కమాండ్‌ని స్క్రీన్‌షాట్‌గా పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. అది నాకు వినపడదు, వాడికి కాపీ కాదు, వెతికితే ఎవరికీ దొరకదు.

ఈమధ్య రాయడమే మానేసి వీడియోలు పెడుతున్నారు. ఓ పద్నాలుగు నిమిషాల వీడియో విన్నాను. వెనకాల మ్యూజిక్. ముందర ఒకాయన హుషారుగా: “ఫస్ట్ ఇక్కడ క్లిక్ చేయండి. తర్వాత ఇక్కడికి రండి. ఇప్పుడు ఇది సెలెక్ట్ చేసి ఇక్కడ డ్రాగ్ చేయండి. అంతే, చాలా సింపుల్!” ఎక్కడండీ? ఆ నోటితోనే ‘ఎడమవైపు మెనూలో రిపోర్ట్స్’ అని ఉంటే నాకు వీడియో మొత్తం పనికొచ్చేది. పక్క సెక్షన్‌లో వినికిడి లేని అబ్బాయికి అదే లింకు పంపారు. క్యాప్షన్లు లేవు. వాడికి చెయ్యి కదలడం కనిపిస్తుంది, ఎందుకు కదులుతోందో తెలీదు. వాడు చూసి, నేను విని, ఇద్దరం కలిసి ఒక వీడియోని అర్థం చేసుకున్నాం. ఆ వీడియో కింద దాని మాటలన్నీ టెక్స్ట్‌గా ఉంటే ఎవరి పని వాళ్లం చేసుకునేవాళ్లం.

తెలుగు మాన్యువల్స్ సంగతి ఇంకా దయనీయం. చాలావాటిలో డీటీపీ కాలం నాటి ఫాంట్లే ఇప్పటికీ వాడుతున్నారు. తెర మీద కనిపించేది తెలుగు, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ డాలర్ గుర్తులూ. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. స్క్రీన్ రీడర్‌కి వేషం కనపడదు, లోపలున్నదే చదువుతుంది. విన్నారంటే మీకూ తల తిరుగుతుంది. ప్రపంచ భాషల ఒక్కో అక్షరానికీ కంప్యూటర్‌లో ఒక్కో సంఖ్య కేటాయించే ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి చోటుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చింది. ఇంకా ఏం అడ్డమో నాకు అర్థం కాదు.

యూనికోడ్‌లో రాసినా పీడీఎఫ్ దగ్గర ఇంకో గండం ఉంది. డీటీపీ చేసే మా తమ్ముడు చెబితే తెలిసింది. ‘కై’ అని రాస్తే ఐత్వం తెర మీద రెండు ముక్కలుగా పడుతుంది, ఎత్వం పైన, కొక్కెం లాంటిది కింద. ఒత్తులు అక్షరం కిందకు పోతాయి. పీడీఎఫ్ ఈ ముక్కల్ని ఆకారాలుగా దాచుకుంటుంది. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా లేకపోతే, తిరిగి చదివేటప్పుడు ఒత్తు ఒకచోట, గుణింతం ఒకచోట పడతాయి. ‘ఖర్చు’ నాకు ‘ఖరు’ అయి వినిపించిన రోజులున్నాయి. హెచ్‌టీఎంఎల్‌లో ఈ బాధ లేదు, రాసిన అక్షరాలే అందులో ఉంటాయి. అక్కడ చేయాల్సింది ఒక్కటే, పేజీ తెలుగులో ఉందని చెప్పే భాష గుర్తు పెట్టడం. ఇంగ్లీషు మధ్యలో తెలుగు, తెలుగు మధ్యలో ఇంగ్లీషు వచ్చినా గొంతు దానికి తగ్గట్టు మారుతుంది. ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే, రాతని మాటగా వినిపించే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు గొంతు ఉంది. కాస్త రోబో లాగే ఉంటుంది గానీ అలవాటైపోయింది.

చట్టం మాట ఎక్కువ ఎత్తను. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 42వ సెక్షన్ ఆడియో, ప్రింట్, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారమంతా అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలంటోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ఇవి మీ లీగల్ వాళ్లకు తెలుసు. నాకు చిత్రంగా తోచేది వేరే. అమెరికా ప్రభుత్వ ఆఫీసులు కొనే సాఫ్ట్‌వేర్ వికలాంగులకూ పనికొచ్చేలా ఉండాలని సెక్షన్ 508 అనే నిబంధన ఉంది. అందులో ఒక చాప్టర్ మొత్తం సపోర్ట్ డాక్యుమెంటేషన్ గురించే. యూరప్ ప్రమాణం ఈఎన్ 301 549లోనూ 12వ భాగం అదే. అక్కడ అమ్మడానికి, తమ సాఫ్ట్‌వేర్ ఈ నియమాలకు ఎంతవరకు సరిపోతుందో చెప్పే వీపాట్ అనే రిపోర్టు శ్రద్ధగా నింపే కంపెనీలు మన ఊళ్లో ఎన్నో ఉన్నాయి. ఆ పని చేసే కుర్రాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. అంటే ఎలా చేయాలో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. గచ్చిబౌలిలో తయారైన మంచి మాన్యువల్ విమానం ఎక్కి పోతుంది, నాకు మాత్రం స్క్రీన్‌షాట్ల పీడీఎఫ్ దిగుతుంది.

కొనే ఆఫీసులకు కూడా ఒక మాట. టెండర్‌లో సర్వర్ ఎన్ని జీబీలు ఉండాలో రాస్తారు, మాన్యువల్ ఏ రూపంలో ఇవ్వాలో కూడా రాయండి. మీరు అడగనిది వాళ్లు ఇవ్వరు.

‘మీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు సార్?’ అని ఆ సపోర్ట్ మేనేజరే అడిగాడు. తప్పుగా అడగలేదు పాపం, ప్లానింగ్ కోసం అడిగాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం చూపు సమస్య ఉన్నవాళ్లే దేశంలో 50 లక్షల పైన. కానీ ఆ లెక్క చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. మా ఆఫీసులో జీతాలు వేసేది నేనొక్కణ్ణే, నాకు ఆ మాన్యువల్ కావాలి అని చెప్పాను. ఆయన కాసేపు ఆగి, వర్డ్ ఫైలు పంపిస్తానన్నాడు. పంపాడు కూడా. అందులోనూ బొమ్మలకు వివరణ లేదు. ఒక్కో బొమ్మ దగ్గర ‘స్క్రీన్‌షాట్ 1’, ‘స్క్రీన్‌షాట్ 2’ అని వరసగా చదివింది. అడిగినందుకు పేర్లు పెట్టినట్టున్నారు.

నాకు విడిగా పుస్తకం అక్కర్లేదు. అందరికీ ఇచ్చేదే నాకూ తెరుచుకుంటే చాలు. మీరు రాసింది ఎలా ఉందో తెలుసుకోవాలంటే పెద్ద పరీక్షలు కూడా వద్దు. ఎన్‌వీడీఏ దించుకోండి, మౌస్ తీసి పక్కన పెట్టండి, మానిటర్ ఆపేయండి. మీ మాన్యువల్‌లో పాస్‌వర్డ్ ఎలా మార్చాలో వెతకండి. అయిదు నిమిషాల్లో దొరికితే రిలీజ్ చేసేయండి. దొరకకపోతే ఆ డ్రాఫ్ట్ నాకు పంపండి. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటాను, విని చెబుతాను. డబ్బులేం వద్దు.

కాస్త త్వరగా పంపితే మంచిది. పేరోల్ తర్వాతి వెర్షన్ అక్టోబర్‌లో వస్తుందని మెయిల్ వచ్చింది. మా వాచ్‌మన్ అన్నని డే డ్యూటీకి మార్చారు.

ఇట్లు,
స్క్రీన్ రీడర్ మీద పనిచేసే ఒక జీతాల గుమాస్తా,
హైదరాబాద్